దృశ్యమూలక నవలల ప్రామాణ్యవిచారము

టెలివిజనులో ప్రదర్శింపబడిన వైజ్ఞానిక కల్పనాకథలను బట్టి వెలువడు నవలలు సాహిత్యమా, కేవలము వర్తకపు సరకా యను వాదము ఇంగ్లండున చిరకాలముగా సాగుచున్నది. ఒక పక్షమువారు ఇవి ఎంగిలి రచనలనిరి. వేఱొక పక్షమువారు బాల్యమున తమకు పఠనాసక్తి గలిగించినవి ఇవియే యని నెత్తిన బెట్టుకొనిరి. మూలమును మరల జెప్పు గ్రంథము చేయవలసిన పని యేమి యను ప్రశ్నను ఇరువురును విడిచిరి. వ్యాకరణశాస్త్రమున నిది పాత ప్రశ్న. సూత్రార్థమును విప్పి చెప్పునది వృత్తి. ఉక్తానుక్తదురుక్తములను విచారించునది వార్తికము. పాఠకులు వృత్తిని చేతబట్టి వార్తికము గాదనియు, వార్తికమును చేతబట్టి వృత్తి గాదనియు నిందించుచున్నారు.

కాలమునందును ఆకాశమునందును సంచరించు నొక యజ్ఞాతపురుషుని గూర్చిన 'డాక్టర్ హూ' నాటకపరంపర 1963 నవంబరు 23వ తేదీన బి.బి.సి.లో మొదలయ్యెను. మఱుసటి యేడే డేవిడ్ విటకర్ తొలి నవలను రచించెను. అతడా పరంపరకు కథాసంపాదకుడు. డాలెక్కులను యంత్రకవచధారుల మూలకథ టెరీ నేషనుది. ప్రదర్శనమున నిద్దఱు ఉపాధ్యాయులు తమ శిష్యురాలిని వెంబడించి, పాతసామానుల దొడ్డిలో డాక్టరును గనుగొందురు. నవలలో నా ఘట్టము లేదు. పొగమంచు గప్పిన బార్న్స్ కామన్ మైదానమున జరిగిన మోటారు ప్రమాదముతో కథ యారంభమగును. ఇయన్ చెస్టర్టన్ ఉత్తమపురుషలో దానిని జెప్పును. నాటకమున భయము పాత్ర ముఖమున గానవచ్చును. నవలలో లోపలినుండి వినవచ్చును. మార్పెల్ల దోషమనువారు ఈ లాభమును లెక్కింపరైరి.

మాల్కమ్ హల్క్ చేసినది ఇంకను గొప్పది. 1970లో ప్రదర్శితమైన తన నాటకమునే 1974లో నవలగా మలచుచు, మనుష్యులకు పూర్వము భూమినేలిన సరీసృపజాతివారికి అతడు పేరులు పెట్టెను. ప్రదర్శనమున వారికి పేరులు లేవు. గ్రంథము వారు దీర్ఘనిద్రకు బోవు వేళ, వారిలో నొకని దృష్టితోనే మొదలగును. పేరు గలిగినంతనే రాకాసి ప్రతివాది యయ్యెను. భూమి యెవరిదను వ్యాజ్యమున రెండవ పక్షమునకు నోరు వచ్చినది. అనుక్తచింత యన నిదియే.

టెరన్స్ డిక్స్ అఱువదికి మించి యిట్టి గ్రంథములను టార్గెట్ ప్రకటనకర్తలకు వ్రాసెను. అవి తఱచుగా 128 పుటలకు మించవు. డాక్టరు ఓడ చప్పుడును మాటిమాటికి నవే మాటలతో వర్ణించుటకు విమర్శకులు నవ్విరి. పురాణములు చదివినవారికి ఆ నవ్వు రాదు. అయినను అతని పుస్తకములు కొన్ని సంభాషణలకు 'అనెను' తగిలించినంతమాత్రముగా నున్నవను నాక్షేపణ న్యాయమైనదే. కాని బి.బి.సి.వారు పాత టేపులనేకములను తుడిచివేసిరి. మరల జూచు సాధనము నాడు ఇండ్లలో లేదు. అట్టి నాటకములను చూడని తరమువారికి ఆ శుష్కవృత్తియే సాక్షి. సూత్రపాఠము నశించినచోట వృత్తికారునినుండి కోరదగినది విశ్వాసార్హత, అలంకారము గాదు. ఇచ్చట డిక్స్ నిరాడంబరతయే గుణము.

1989లో ప్రదర్శనము నిలిచిపోగా, 1991 మొదలు 1997 వఱకు వర్జిన్ సంస్థ స్వతంత్రకథలను నవలలుగా వెలువరించెను. వీనిలోని ప్రౌఢవిషయములు పాఠకులను మరల చీల్చినవి. పాల్ కోర్నెల్ 1995లో వ్రాసిన 'హ్యూమన్ నేచర్' నవలలో డాక్టరు మానవుడై, తన్ను తాను మఱచి, 1914 నాటి బాలుర పాఠశాలలో బోధించును. 2007లో ఆ రచయితయే దానిని వేఱొక నటుడు ధరించిన డాక్టరునకు నాటకముగా మార్చెను. ఒకే వృత్తాంతము ఒకనికే రెండుమాఱులు జరిగెనా? తుల్యబలవిరోధమున పరకార్యమను పాణినీయన్యాయమును బట్టి నాటకమే నిలిచి నవల బాధితమగునని కొందఱు పాఠకులు తమకు దెలియకయే వాదించుచున్నారు. వ్యాకరణమున వికల్పమును గలదని వారెఱుగరు. రెండు రూపములును సాధువులే.

అమెరికాలో ఈ వికల్పమునకు తావు లేదు. అచ్చట 'స్టార్ ట్రెక్' స్వామ్యము గలవారు ప్రదర్శనములకును చలనచిత్రములకును మాత్రమే ప్రామాణ్యమొసగిరి. జాన్ ఎం. ఫోర్డు 1984లో 'ది ఫైనల్ రిఫ్లెక్షన్' అను నవలలో, శత్రువులుగా మాత్రమే కనబడిన క్లింగన్ జాతివారి జీవనమును లోపలినుండి చిత్రించెను. తరువాతి నాటకములు ఆ జాతిని వేఱు దారిన నడపినవి. ఫోర్డు చిత్రమునే మేలైనదిగా నెంచు పాఠకులు నేటికిని గలరు.