కొట్టు ముందర రాక్షసుడు

అమావాస్య మర్నాడు పొద్దున్నే ఏర్పేడు కూడలికి వస్తే రోడ్డు మీద అక్కడక్కడా ఎర్రటి తడి కనిపిస్తుంది. కుంకుమ నింపి పగలగొట్టిన బూడిద గుమ్మడికాయల ముక్కలవి. శ్రీకాళహస్తి వైపు పోయే లారీలు వాటిని తొక్కేలోపే కొట్లవాళ్లు కొత్త కాయకు పసుపు పూసి, ముఖం దిద్ది, ఉట్టిలో పెట్టి గుమ్మానికి కట్టేస్తారు. గుండ్రటి గుడ్లు, కోరమీసం, బయటికి వేలాడే నాలుక, రెండు కోరలు. ఇనుప సామాన్ల కొట్టుకు చెక్క మీద గీసిన రాక్షసుడు ఉంటాడు. టైర్ల కొట్టుకు ఫైబరు అచ్చులో పోసినవాడు ఉంటాడు. ఐఐటీ వచ్చాక ఆ రోడ్డులో లేచిన కొత్త కొట్లకూ వీళ్లే కాపలా.

నేను ఇరవై ఏళ్లుగా పోగుచేస్తున్నది ఈ ముఖాల్నే. కొట్టు ముందర కట్టే బొమ్మలు, కంపెనీలు ఊరికే పంచిన స్టిక్కర్లు, సినిమావాళ్లు వెదజల్లిన కరపత్రాలు, క్యాలెండర్లు. ఒకటే షరతు. దాని మీద రాక్షసుడో, దయ్యమో, బేతాళుడో ఉండాలి. ఇవన్నీ పారేయడానికే పుట్టిన వస్తువులు. సినిమా మారితే కరపత్రం పోతుంది, సరుకు మారితే అట్టబొమ్మ పోతుంది, అమావాస్య వస్తే గుమ్మడికాయ పోతుంది. వాటిని దాచడం ఒక పని అనీ, ఆ పనికి కొన్ని కట్టుబాట్లు ఉన్నాయనీ తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

నా దగ్గరికి మొదట చేరింది ఒక టీవీ దయ్యం. బొంబాయిలో 1981లో మొదలైన మిర్క్ ఎలక్ట్రానిక్స్ వాళ్ల ఒనిడా టీవీకి ఆ దశకంలో ఒక దయ్యమే ప్రచారకర్త. బోడిగుండు, కొమ్ములు, తోక, ఆకుపచ్చ వేషం. గోపీ కుక్డే ఊహించిన ఆ పాత్రలో మొదట కనిపించిన మనిషి డేవిడ్ విట్‌బ్రెడ్. మా నాయన తిరుపతి బజారుకు తీసుకుపోయినప్పుడల్లా ఒక టీవీ కొట్టు అద్దాల వెనక నిలబెట్టిన అట్ట దయ్యాన్ని చూసి నేను ఆగిపోయేవాణ్ణి. చాలా ఏళ్ల తర్వాత ఆ కొట్టు మూసేసే రోజున పాత అట్టపెట్టెలతోపాటు అదీ గోడవార పడి ఉంది. "కావాలంటే ఎత్తుకోని పో అబ్బోడా, ఎట్లా పొయ్యిలోకి పోయేదే" అన్నాడు కొట్టాయన. ఒక కొమ్ము విరిగింది, కాలి దగ్గర చెద పట్టింది. బస్సులో ఒళ్లో పెట్టుకుని ఏర్పేడు దాకా తెచ్చుకున్నాను.

ఇంటికి తెచ్చాక ఆ దయ్యం చెప్పే మాట గురించి ఆలోచించాను. పొరుగువాడు కుళ్లుకునేంత మంచి టీవీ ఇది అని దాని వాదన. అంటే కంపెనీ అసూయనే బొమ్మ చేసి కొట్లో నిలబెట్టింది. అదే కొట్టు గుమ్మానికి కట్టిన గుమ్మడికాయ పని సరిగ్గా దీనికి ఎదురు. ఆ అసూయ లోపలికి రాకుండా చూడటం. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందని నమ్మే ఊళ్లో, లోపల ఒక రాక్షసుడు పొరుగువాడి కన్ను పడాలని పిలుస్తుంటే, గుమ్మం మీద ఇంకొకడు ఆ కన్ను తన మీద వేసుకుంటున్నాడు. ఒకే గుమ్మానికి లోపలొకడు, బయటొకడు. నా సేకరణకు దారి చూపింది ఈ జంటే.

అమెరికాలో అక్టోబరు 31న జరుపుకునే హాలోవీన్‌కు ఇలాంటి సేకరణ పెద్ద వ్యాపకం. అక్కడా గుమ్మం ముందుకొచ్చేది గుమ్మడికాయే. ఐర్లండువాళ్లు ముల్లంగి జాతి దుంపను తొలిచి ముఖం చెక్కేవాళ్లు, అమెరికా చేరాక దాని చోటు గుమ్మడికాయకు వచ్చింది. పెన్సిల్వేనియాలోని బీస్టిల్ కంపెనీ 1920ల నుంచి అట్ట కత్తిరించి చేసిన గబ్బిలాలు, మంత్రగత్తెలు, అస్థిపంజరాలు అమ్మింది. 1957లో పాత యూనివర్సల్ సినిమాలు 52 ఒకే కట్టగా టీవీలకు అందడంతో డ్రాక్యులా, ఫ్రాంకెన్‌స్టైన్ పిల్లల స్నేహితులయ్యారు. 1971 నాటికి జనరల్ మిల్స్ వాళ్లు డ్రాక్యులా పోలికలో ఒకటి, ఫ్రాంకెన్‌స్టైన్ పోలికలో ఒకటి పొద్దుటి ఫలహారం డబ్బాలే తెచ్చారు. డబ్బాలో వచ్చిన చిన్న బొమ్మ, కిరాణా కొట్టులో వేలాడదీసిన అట్ట, పండగ వెళ్లగానే చెత్తబుట్టలో పడేవి. వాటిని ఆనాడు దాచినవాళ్లు కొద్దిమందే, అందుకే ఈనాడు వాటికింత గిరాకీ.

అదే 1957లో మనకు ఘటోత్కచుడు వచ్చాడు. 'మాయాబజార్' ఆ ఏడాది మార్చి 27న విడుదలైంది. రాక్షసుణ్ణి చూసి పిల్లలు భయపడకుండా భుజమెక్కాలనుకునేట్టు చేసిన ఘనత ఎస్వీ రంగారావుది. అంతకు ముందు 1951లో 'పాతాళభైరవి' నేపాళ మాంత్రికుడూ ఆయనే. తర్వాత విఠలాచార్య దయ్యాలు ఊరూరా తిరిగాయి, 1978 నాటి 'జగన్మోహిని' దాకా. ఈ సినిమాలు ఊళ్లోకి వచ్చినట్టు చెప్పేది జట్కాబండి, దాని మీద మైకు, వెనక నుంచి గాలిలోకి ఎగిరే గులాబీరంగు కరపత్రాలు. వాటి కోసం పిల్లలు బండి వెంట పరుగెత్తేవాళ్లు. డబ్బులివ్వకుండా చేతికొచ్చే బొమ్మ అదొక్కటే.

ఆ కాగితాల మీద సంవత్సరం ఉండదు. "నేటి నుండి" అని ఉంటుంది, ఏనాటి నుంచో ఉండదు. సేకరించేవాడి అసలు పని అక్కడ మొదలవుతుంది. కింద చిత్తూరు జిల్లా, మద్రాసు రాష్ట్రం అని ఉంటే అది 1953 అక్టోబరు 1కి ముందుది, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది ఆ రోజే. టికెట్టు ధర అణాల్లో ఉందా, నయాపైసల్లో ఉందా చూడాలి. నయాపైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి, అంటే 'మాయాబజార్' విడుదలైన 5 రోజులకు. ఒకే సినిమా మొదటివారం లెక్క ఒకటి, రెండోవారం లెక్క ఇంకొకటి. చిరునామాలో పిన్‌కోడు ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతిది. ఏర్పేడు, తిరుపతి జిల్లా అని ఉంటే 2022 ఏప్రిల్ 4 తర్వాతిది. అచ్చేసినవాడి పేరూ ఊరూ ప్రకటించాలని 1867 నాటి చట్టం పెట్టిన నియమం వల్ల చాలా కాగితాల అడుగున ప్రెస్సు పేరు చీమంత అక్షరాల్లో దొరుకుతుంది. చింపేసినప్పుడు మొదట పోయేది ఆ అంచే. అందుకే బొమ్మ బాగున్న కాగితం కంటే అంచు బాగున్న కాగితానికి నేను ఎక్కువ విలువిస్తాను.

ఇక దిష్టిబొమ్మల సంగతి. ఒక పాత ధాన్యం కొట్టు పడగొడుతుంటే గుమ్మానికున్న చెక్క రాక్షసుణ్ణి నాకిచ్చారు. మూరెడు పొడుగు, మసిబారిన ఎరుపు, ఒక కన్ను పెచ్చులూడింది. ఎంతో సంబరంగా తెస్తే అమ్మ గేటు దగ్గరే ఆపేసింది. "అది ఎవురెవురి కండ్లో పడిన బొమ్మ. ఊరి ఏడుపంతా దాంట్లో ఉంటాది. ఇంట్లోకి ఎట్ల తెస్తావు నాయనా?" అంది. చదువుకున్నవాణ్ణి గనక వాదించాను. అమ్మ వాదించలేదు, గేటు తీయలేదు. బొమ్మ వారం రోజులు బయట వేపచెట్టుకు వేలాడింది.

ఆ వారంలో నాకు అర్థమైంది, అమ్మ చెప్పింది ఆ వస్తువును గురించిన మొదటి నిజం. అది అలంకారం కాదు, పనిముట్టు. పని ముగిశాక కూడలిలో పగలాలి, లేదా కాలిపోవాలి. అట్లా పోవడం కూడా దాని తయారీలో భాగమే. దాన్ని అద్దాల బీరువాలో పెడితే నేను దాచేది చెక్కను మాత్రమే. బొమ్మను ముందూ వెనకా ఫొటో తీశాను, కొలిచాను, ఏ మేకుకు కట్టారో, ఏ రంగు మీద ఏ రంగు పడిందో రాసుకున్నాను. కొట్టు ఆసామిని కలిసి అది ఎప్పుడు కట్టారో, ఎవరు గీశారో అడిగాను. తర్వాత అమ్మ చెప్పినట్టే కాల్చేశాను. ఆ రోజు నుంచి నా కట్టుబాటు ఒకటే: దిష్టి తీసుకున్న బొమ్మకు ఫొటో, రాత మాత్రమే; ఇంట్లో దాచేది గీసినవాడి దగ్గర కొత్తగా కొన్నది. నాకు ఇందులో నష్టం జరిగిందని ఎప్పుడూ అనిపించలేదు.

ఈ ముఖానికి వంశం కూడా ఉంది. జలంధరుడి దూతగా వచ్చిన రాహువును మింగడానికి శివుడి కంటి నుంచి ఒక భూతం పుట్టిందనీ, రాహువు శరణనగానే దాన్ని తన ఒంటినే తినమన్నాడనీ, ముఖం ఒక్కటే మిగిలితే మెచ్చి కీర్తిముఖమని పేరు పెట్టి తన వాకిట ఉండమన్నాడనీ పురాణకథ. గుళ్లలో తోరణాల నడిమధ్య గుడ్లురిమి చూసేది అదే. మా మండలంలోనే ఉన్న గుడిమల్లంలో క్రీస్తుపూర్వం 2వ, 1వ శతాబ్దాల నాటిదని పండితులు చెప్పే లింగం ఉంది. దాని మీద చెక్కిన శివుడు ఒక మరుగుజ్జు భూతం భుజాల మీద నిలబడి ఉంటాడు. కొట్టుకు వేలాడే ముఖానికీ దీనికీ నేరుగా చుట్టరికం ఉందని నేననను. కానీ భయపెట్టే రూపానికి ఒక పనీ ఒక చోటూ ఇచ్చి దగ్గర పెట్టుకోవడం ఈ నేలకు చాలా పాత అలవాటు.

తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం వరసగా నడిచి, చివరికి మట్టితో చేసిన అమ్మవారి విశ్వరూపం లేస్తుంది. దర్శనమయ్యాక చెంప తొలగిస్తారు. ఆ మట్టి పిడికెడు దొరకాలని జనం ఎగబడతారు. అంత శ్రమపడి చేసిన ముఖం ఒక్క తెల్లవారుజామున లేకుండా పోతుంది, మళ్లీ ఏడాది మళ్లీ చేస్తారు. నిలిచేది మట్టి కాదు, చేసే చేయి.

ఆ చేయి గురించే నా దిగులు. బోర్డులు రాసే ఆర్టిస్టు ఒకాయన దిష్టిబొమ్మలూ గీసేవాడు. ఒకరోజు పక్కన కూర్చుని చూశాను. ముందు మీసం, తర్వాత కోరలు, నాలుక. కండ్లు ఆఖర్న. ఎందుకని అడిగితే, "ముందే పెడితే పనంతా అయ్యేదాకా మనల్నే చూస్తాంటాది సార్" అన్నాడు. ఫ్లెక్సీ వచ్చి బోర్డుల పని పోయింది. ఫైబరు అచ్చు వచ్చి బొమ్మల పని పోయింది. ఒకప్పుడు రేణిగుంట రాక్షసుడి మీసానికీ వెంకటగిరి రాక్షసుడి మీసానికీ తేడా చెప్పగలిగేవాణ్ణి, గీసిన చేతులు వేరు గనక. ఇప్పుడు ఏ ఊళ్లో ఆగినా అచ్చులోంచి దిగిన ఆ ఒక్క ముఖమే ఎదురొస్తుంది.

దాచేవాళ్లకు నా అనుభవం నుంచి నాలుగు మాటలు. కాగితాన్ని లామినేషన్ చేయించొద్దు, ఆ వేడికి అంటుకున్న ప్లాస్టిక్ మళ్లీ ఊడి రాదు. చిరిగినచోట సెల్లోటేపు వేయొద్దు, కొన్నేళ్లకు జిగురు పసుపు మరకై మిగులుతుంది. మడత పెట్టకుండా పరిచి, ఎండ తగలని చోట ఉంచాలి. మనకు అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లో ఈశాన్య రుతుపవనాల చెమ్మ ఎక్కువ, ఆ నెలల్లో కట్ట విప్పి నీడన గాలి పట్టించాలి. చెక్క మీదున్న పాత రంగును తడిగుడ్డతో తుడవొద్దు, మెత్తటి కుంచెతో దుమ్ము దులిపితే చాలు. విరిగిన కొమ్మును అతికించొద్దు. నా ఒనిడా దయ్యం ఇప్పటికీ ఒంటికొమ్ముతోనే ఉంది. అది ఎన్నాళ్లు ఆ కొట్లో నిలబడిందో ఆ విరుపే చెబుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది పెన్సిలు. ప్రతి వస్తువు వెనకా ఊరు, కొట్టు, దొరికిన తేదీ, ఇచ్చినవారు చెప్పిన మాట రాయండి. రాతలేని రాక్షసుడు వట్టి బొమ్మ. రాత ఉంటే ఒక వీధి, ఒక కొట్టు, ఒక మనిషి చేతిపని మిగులుతాయి.

వచ్చే అమావాస్యకు మీ కొట్టుకో ఇంటికో కొత్త బొమ్మ కడతారు. దించిన పాతదాన్ని ఆచారం ప్రకారమే పంపేయండి. పంపేముందు ఒక్క ఫొటో తీయండి. కొత్తది చేత్తో గీసేవాళ్లు మీ ఊళ్లో ఇంకా ఉంటే, అచ్చుబొమ్మ మాని వాళ్ల దగ్గరే కొనండి. కొన్నాక పేరడిగి, బొమ్మ వెనక రాసిపెట్టండి.