గిలాబు కింద అక్షరాలు

బహదూర్‌పల్లిలో మా పక్క ప్లాటులో ఇల్లు లేస్తోంది. పొద్దున నడకకు వెళ్తూ ఓసారి అందులోకి తొంగిచూడటం నాకు అలవాటైపోయింది. వంటగది రాబోయే చోట ఇటుక గోడ మీద మేస్త్రీ బొగ్గుతో లెక్క రాస్తాడు. 'సో. మే 2 కూ 5' అని ఒక వరస. అంటే సోమవారం మేస్త్రీలు ఇద్దరు, కూలీలు అయిదుగురు. దాని కింద సిమెంటు బస్తాలకు నిలువు గీతలు, నాలుగు గీసి అయిదోది అడ్డంగా. ఓ మూల '300 బాకి' అని రాసి, మీద గీత కొట్టేశాడు. తీరిపోయినట్టుంది. పాలమూరు నుంచి వచ్చిన మనిషి. ఎంతవరకు చదివావని అడిగితే, "మూడో తరగతి దాకనే పోయిన సార్. గీ లెక్కకు అంతకంటే ఎందుకు?" అన్నాడు.

ఆ గోడ చూసినప్పుడల్లా నాకు కీసరగుట్ట గుర్తొస్తుంది. మన జిల్లాలోదే. ఔటర్ ఎక్కి మేడ్చల్, శామీర్‌పేట దాటితే వచ్చేస్తుంది. శివరాత్రి జాతరకు వెళ్లినవాళ్లం రామలింగేశ్వరుణ్ని చూసి, ప్రసాదం తిని తిరిగొస్తాం. అదే గుట్ట మీద ఓ బండకు బ్రాహ్మీ లిపిలో చిన్న మాట ఉంది: తొలుచువాండ్రు. విష్ణుకుండినుల కాలం నాటిది, సుమారు 1,500 ఏళ్ల కిందటిదని పండితులు అంటారు. రాయి తొలిచేవాళ్లు అని అర్థం. వడ్రంగి ఇప్పటికీ చెక్క తొలుస్తూనే ఉన్నాడు కాబట్టి నిఘంటువు తిప్పే పని లేదు. తెలంగాణలో దొరికిన అతి పాత తెలుగు మాటల్లో ఇదొకటి. రాజు పేరు లేదు, భూదానం లేదు, దేవుడి స్తోత్రమూ లేదు. ఉన్నది పనివాళ్లే.

వాళ్లే చెక్కుకున్నారా, ఇది వాళ్ల చోటని ఇంకెవరైనా రాయించారా? నేనైతే వాళ్లే రాసుకున్నారంటాను. చేతిలో ఉలి ఉంది, ఎదురుగా బండ ఉంది, ఇంకొకరిని బతిమాలడం ఎందుకు? రాళ్లు కొట్టేవాళ్లకు అక్షరాలెక్కడివని ఓ మిత్రుడు దెప్పాడు. అమరావతి స్తూపానికి పూర్ణఘటం చెక్కిన పలకను దానమిచ్చిన విధికుడి సంగతి చెప్పాను. అతను చర్మకారుడు. తన తండ్రి నాగుడు ఉపాధ్యాయుడని రాతిమీద రాయించుకున్నాడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లు, చుట్టాలు, స్నేహితులు, అందరినీ ఆ పుణ్యంలో కలిపాడు. మన పెళ్లిపత్రికల్లో ఇంటిల్లిపాదినీ ఇరికించినట్టే.

అయినా నూటికి తొంభై మందికి బతిమాలక తప్పలేదనే అనుకోవాలి. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుడి శాసనం ఉంది, క్రీ.పూ. 3వ శతాబ్దం నాటిది. రాజాజ్ఞను భేరి మోగించి జనానికి వినిపించాలని అందులోనే ఉంది. అంటే దండోరా. రాసింది రాతి మీదే గానీ, జనానికి చేరింది చెవులగుండానే. ఈ ధర్మం ఎవరెవరికి నేర్పాలో చెబుతూ ఏనుగులు ఎక్కేవాళ్లతో పాటు 'కరణా'లనూ పేర్కొన్నారు. ఎక్కడి అశోకుడు, ఎక్కడి కరణం! 1980ల్లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాలను, మన వైపు పట్వారీలను తీసేసేదాకా ఊళ్లో రాతంటే వాళ్లదే. పహాణీలో ఏం ఎక్కించాడో పట్వారీకే ఎరుక. రైతు చేసేదల్లా బొటనవేలికి సిరా పూయించుకుని నొక్కడమే.

ఆ రాసేవాడికైనా రాత వచ్చా అంటే, అది ఇంకో కథ. క్రీ.శ. 2వ శతాబ్దం చివర ఈజిప్టులో పెటౌస్ అనే గ్రామ లేఖకుడు ఉండేవాడు. మన కరణం లాంటి ఉద్యోగమే. అతను సంతకం ప్రాక్టీసు చేసిన పపైరస్ కాగితం దొరికింది. 'పెటౌస్ అనే నేను, గ్రామ లేఖకుణ్ని, సమర్పించాను' అన్న ఒక్క వాక్యాన్నే 12 సార్లు రాశాడు. అయిదో వరసలో చివరి మాటకు మొదటి అచ్చు ఎగిరిపోయింది. ఆ కింద వరసలన్నీ అదే తప్పు. పై వరసను చూసి దించుతున్నాడు తప్ప చదవడం లేదన్నమాట. ఇంతకంటే తమాషా, ఇంకో లేఖకుడికి చదువు రాదని ఫిర్యాదు వస్తే, 'సంతకం పెడుతున్నాడుగా, నిరక్షరాస్యుడెలా అవుతాడు' అని వెనకేసుకొచ్చింది ఈ పెటౌసే.

ఇది చదివి నవ్వుకున్న నెలకే మా వీధిలో ఓ అక్క పాత క్యాలెండర్ కాగితం పట్టుకొచ్చింది. మహిళా సంఘంలో వేలిముద్ర వేయాలంటే నామోషీగా ఉందట. కూతురు పైన పేరు రాసిచ్చింది. రెండు వరసలు చక్కగా కుదిరాయి. మూడోదాంట్లో 'మ' కింద ఒత్తు జారింది. నాలుగోది మూడోదాన్ని చూసి, అయిదోది నాలుగోదాన్ని చూసి, అట్టడుగు దాకా ఒత్తు లేదు. "గిట్ల పెడితే బ్యాంకోళ్లు ఒప్పుకుంటరా సార్?" అంది. ప్రతి వరసా కూతురి రాతనే చూసి రాయమని చెప్పి పంపాను. పెటౌస్‌కు ఆ మాట చెప్పేవాళ్లు లేకపోయారు.

వచ్చే సోమవారం పక్కింటి వంటగదికి గిలాబు మొదలుపెడతారట. ఆ తర్వాత లప్పం, రంగు. మీ ఇల్లూ ఆ దశలో ఉంటే, గిలాబు పడకముందే మేస్త్రీ రాసిన లెక్కకు ఓ ఫోటో తీసి పెట్టుకోండి. నేను తీసుకున్నాను.