నలభై మీటర్ల దిగువకు ఎవరి వెంట వెళ్లాలి?

వానాకాలం వచ్చిందంటే మెదక్, సంగారెడ్డి జిల్లాల్లో అందరూ ఆరా తీసే అంకె ఒకటుంది. అది సింగూరు నీటిమట్టం. మంజీర మీద కట్టిన ఆ జలాశయం నిండితే సముద్రమట్టానికి 523.6 మీటర్ల ఎత్తున నీళ్లు నిలుస్తాయి. రైతుకు అది పంట లెక్క, హైదరాబాద్‌కు తాగునీటి లెక్క. స్కూబా డైవరుకు మాత్రం ఆ అంకె ఒక హెచ్చరిక. సముద్రంలో మునిగేవాళ్ల కోసం తయారైన డైవింగ్ పట్టికలు 300 మీటర్ల ఎత్తు దాటిన నీళ్లలో ఉన్నవి ఉన్నట్టుగా పనికిరావు. ఎత్తు పెరిగేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి అదే లోతులో అంతేసేపు ఉండి వచ్చినా శరీరానికి ప్రమాదం ఎక్కువ. మెదక్ జిల్లా టేక్మాల్ నుంచి డైవింగ్ నేర్చుకోవడానికి బయల్దేరే యువకుడికి తన ఇంటి పక్క నీళ్ల గురించే ఈ సంగతి తెలియాలి. అడగకముందే దాన్ని విడమరిచి చెప్పే శిక్షకుడు దొరికితే, వెతుకులాట సరైన దారిలో ఉన్నట్టే.

నీటి అడుగుకు వెళ్లడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. చెరువులోనో బావిలోనో ఎవరైనా మునిగితే పోలీసులు ముందుగా కబురు పెట్టేది గజ ఈతగాళ్లకే. ఏడుపాయల జాతరకు లక్షల మంది వచ్చే రోజుల్లో మంజీర ఒడ్డున వాళ్లే కాపలా ఉంటారు. వాళ్లది ఊపిరి బిగబట్టి చేసే విద్య. ఏళ్ల అనుభవంతో వచ్చే ఆ నేర్పు గొప్పదే. కానీ ఒక లోతు దాటాక ఊపిరీ సరిపోదు, ధైర్యమూ సరిపోదు.

ఆ హద్దు ఎక్కడుందో 2019లో గోదావరి చూపించింది. ఆ ఏడాది సెప్టెంబరు 15న పాపికొండలకు వెళ్తున్న రాయల్ వశిష్ట బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. నౌకాదళం, ఎన్డీఆర్ఎఫ్ బృందాలు రోజుల తరబడి గాలించాయి. వరద ఉరవడి, ఏమీ కనిపించని బురదనీరు, 200 అడుగులకు పైబడి ఉంటుందని అధికారులు చెప్పిన లోతు, మూడూ కలిసి డైవర్లను అడ్డుకున్నాయి. చివరికి అక్టోబరు 22న కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం బోటును ఒడ్డుకు లాగింది. వరద తగ్గాక విశాఖ నుంచి వచ్చిన డైవర్లు అడుగుకు దిగి బోటుకు తాళ్లు బిగించాకే అది కదిలింది.

200 అడుగులంటే సుమారు 60 మీటర్లు. విహారం కోసం స్కూబా నేర్చుకున్నవాళ్లకు గరిష్ఠ పరిమితి 40 మీటర్లే. అంతకన్నా దిగువకు వెళ్లినా, పైకి వచ్చేటప్పుడు మధ్యలో తప్పనిసరిగా ఆగాల్సిన డైవ్ చేసినా, గుహలోకో మునిగిన ఓడలోకో వెలుతురు అందనంత దూరం చొరబడినా అది టెక్నికల్ డైవింగ్ అవుతుంది. అమెరికాలో మైఖేల్ మెండూనో నడిపిన ఆక్వాకోర్ పత్రిక 1990ల ఆరంభంలో ఈ పేరును ప్రచారంలోకి తెచ్చింది. ఒక సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. టెక్నికల్ కోర్సు పూర్తిచేసినంత మాత్రాన ఎవరూ నదిలో శవాలు వెతికే సహాయక డైవరు కారు, రేవులో పనిచేసే వాణిజ్య డైవరూ కారు. అవి వేరే వృత్తులు, వాటి శిక్షణ వేరు. అయితే లోతులో బతికి బయటపడే లెక్క మూడింటికీ ఒకటే.

ఆ లెక్క సముద్రంలో ప్రతి 10 మీటర్లకూ మారుతుంది. పైన మన మీద ఉండేది ఒక వాతావరణ పీడనం. 10 మీటర్ల లోతున అది రెండవుతుంది, 40 మీటర్ల దగ్గర ఐదవుతుంది. ఒడ్డున నిమిషానికి 20 లీటర్ల గాలి పీల్చే మనిషికి 40 మీటర్ల దగ్గర 100 లీటర్లు కావాలి. 200 బార్ల ఒత్తిడితో నింపిన 12 లీటర్ల సిలిండర్‌లో ఉండేది 2,400 లీటర్లు. 10 మీటర్ల లోతులో గంటసేపు వచ్చే గాలి, 40 దగ్గర 24 నిమిషాల్లో అయిపోతుంది. కంగారుపడి ఎగశ్వాస తీస్తే అందులో సగం సమయం కూడా రాదు.

గాలి చాలకపోవడం ఒక్కటే సమస్య అయితే మరో సిలిండర్ తగిలించుకుంటే తీరేది. లోతు పెరిగేకొద్దీ నైట్రోజన్ మత్తెక్కిస్తుంది. ఆ మత్తులో మనిషికి తాను బాగానే ఉన్నాననిపిస్తుంది, గేజిలో ముల్లు ఎక్కడుందో మాత్రం బుర్రకెక్కదు. ప్రాణవాయువు కూడా ఒత్తిడి మితిమీరితే విషమే. స్వచ్ఛమైన ఆక్సిజన్‌ను 6 మీటర్ల కన్నా లోతున పీల్చకూడదన్నది నియమం. అందుకే 60 మీటర్లకు వెళ్లేవాళ్లు నైట్రోజన్‌నూ ఆక్సిజన్‌నూ తగ్గించి, ఆ మేరకు హీలియం కలిపిన ట్రైమిక్స్ వాడతారు. పైకి వచ్చేటప్పుడు 50 శాతం ఆక్సిజన్ ఉన్న సిలిండర్‌కు మారేది 21 మీటర్ల దగ్గర. అదే సిలిండర్‌ను పొరపాటున 45 మీటర్ల దగ్గర నోట పెట్టుకుంటే మూర్ఛ రావచ్చు. నీటి అడుగున మూర్ఛ వస్తే బతకడం దుర్లభం.

ఇక తిరుగు ప్రయాణం. ఒత్తిడిలో ఒంటి కణజాలంలోకి ఇంకిన వాయువు, డైవరు ఒక్కసారిగా పైకి వస్తే, గోలీసోడా గోలీ నొక్కినట్టు బుడగలు కడుతుంది. కీళ్ల నొప్పితో మొదలై పక్షవాతం దాకా పోవచ్చు. బ్రిటిష్ నౌకాదళం కోసం జాన్ స్కాట్ హాల్డేన్ మేకల మీద ప్రయోగాలు చేసి, మెట్టుమెట్టుగా ఆగుతూ పైకి రావాలన్న పద్ధతిని 1908లో సహచరులతో కలిసి ప్రకటించారు. నేటి డైవర్ల చేతి కంప్యూటర్లలో మరింత సూక్ష్మమైన లెక్కలున్నా వాటికి మూలం ఆ మేకలే. ఇలా ఆగాల్సిన బాకీ ఉన్న డైవరుకు నేరుగా పైకి పోయే దారి లేదు. ఏ ఇబ్బంది వచ్చినా నీళ్లలోనే సరిచేసుకోవాలి.

టెక్నికల్ శిక్షణలో కనిపించే వింత అలవాట్లన్నీ ఇందుకే పుట్టాయి. వీపున రెండు సిలిండర్లు, వాటి మధ్య అవసరమైతే ఒకదాన్ని విడదీసే కవాటం. నోటికి గాలి అందించే రెగ్యులేటర్లు రెండు, వాటిలో ఒకదానికి రెండు మీటర్లు దాటిన పొడవాటి గొట్టం. గాలి అయిపోయిన తోటివాడికి అందించేది తన నోట్లో ఉన్న ఆ రెగ్యులేటరే, ఎందుకంటే అది పనిచేస్తోందని ఖాయంగా తెలుసు. తాను మెడ కింద రబ్బరు తాడుతో వేలాడే రెండోదాన్ని అందుకుంటాడు. ఈదేటప్పుడు ఒళ్లు నేలకు సమాంతరంగా ఉండాలి, కాళ్లు కప్పలా ఆడాలి. కాళ్లు కిందకి జారి ఒండ్రు లేచిందంటే అంతవరకూ కనిపించిన దారి క్షణాల్లో మాయమవుతుంది. గుహలో గాలిని మూడు వాటాలు చేస్తారు. ఒక వాటా లోపలికి, ఒకటి వెనక్కి, మూడోది ఆపదకు. ఇవన్నీ పుస్తకంలో చదివితే గంటలో అర్థమవుతాయి. చీకట్లో, చల్లటి నీళ్లలో, మాస్కు ఊడిపోయినప్పుడు చేతులు వాటంతటవే చేయాలంటే నెలలు పడుతుంది.

ఈ నియమాలు చాలావరకు చావుల నుంచి వచ్చాయి. ఫ్లోరిడా గుహ డైవరు షెక్ ఎక్స్‌లీ ప్రమాదాలను ఒక్కొక్కటిగా విశ్లేషించి 1979లో చిన్న పుస్తకం రాశారు. బయటి దాకా ఎడతెగని తాడు లేకపోవడం, తిరుగు ప్రయాణానికి గాలి మిగల్చకపోవడం, తాహతుకు మించిన లోతుకు వెళ్లడం, ఎక్కువ మందిని మింగినవి ఇవేనని తేల్చారు. ఆ ఎక్స్‌లీ కూడా 1994 ఏప్రిల్ 6న మెక్సికోలోని జకాటోన్ అగాధంలో ప్రాణం విడిచారు. ఈ విద్యలో ఎవరికీ మినహాయింపు లేదు. ఫ్లోరిడా గుహల ముందు నిలిపిన హెచ్చరిక బోర్డులు, అలాంటి గుహల్లో పోయినవాళ్లలో స్కూబా ఇన్‌స్ట్రక్టర్లు కూడా ఉన్నారని చెబుతాయి.

కాబట్టి ఇన్‌స్ట్రక్టర్ అన్న బిరుదు దగ్గరే ఆగిపోకూడదు. ఏం నేర్పడానికి ఇన్‌స్ట్రక్టర్ అన్నది అడగాలి. 2018లో థాయ్‌లాండ్ థామ్ లువాంగ్ గుహలో చిక్కుకున్న పన్నెండు మంది పిల్లలనూ వాళ్ల కోచ్‌నూ వెతకడానికి ఆ దేశ నౌకాదళ సీల్స్ ముందుగా దిగారు. దేహదారుఢ్యంలో వాళ్లకు తిరుగులేదు. అయినా పిల్లల్ని కనిపెట్టింది రిక్ స్టాంటన్, జాన్ వొలాంథెన్ అనే బ్రిటిష్ గుహ డైవర్లు. ఒకరు రిటైరైన అగ్నిమాపక ఉద్యోగి, మరొకరు ఐటీ నిపుణుడు. లోపల సిలిండర్లు చేరవేసి వస్తూ సమన్ కునాన్ అనే మాజీ సీల్ జూలై 6న అసువులు బాశారు. ఆయన త్యాగాన్ని ఆ దేశం నేటికీ తలచుకుంటుంది. విశాఖలో నౌకాదళంలో పనిచేసి వచ్చినవాళ్లు స్కూబా నేర్పుతున్నారు. వాళ్ల సేవకు నమస్కరించాల్సిందే. కానీ ట్రైమిక్స్ నేర్చుకోవాలనుకునేవాడు అక్కడా అదే ప్రశ్న వేయాలి: “సార్, మీరు ట్రైమిక్స్‌తో చివరిసారి ఎప్పుడు దిగారు? క్లాసు కోసం కాకుండా మీ సొంతంగా?”

మంచి శిక్షకుడికి ఈ ప్రశ్న నొప్పి కలిగించదు. తన లాగ్ బుక్ తెరిచి చూపిస్తాడు. శిక్షకులకు గుర్తింపునిచ్చే సంస్థల వెబ్‌సైట్లలో ఆయన నంబరు కొట్టి, ఆయనకు ఏ కోర్సు నేర్పే అర్హత ఉందో, ఈ ఏడాదికి అది చెల్లుతుందో లేదో చూడవచ్చు. ఆ పని మొహమాటం లేకుండా చేయాలి. 2020 నవంబరు 1న అమెరికాలోని మోంటానా రాష్ట్రం మెక్‌డొనాల్డ్ సరస్సులో పద్దెనిమిదేళ్ల విద్యార్థిని శిక్షణ డైవులో మరణించింది. ఆమె డ్రైసూట్‌లోకి గాలి పంపే గొట్టమే అమర్చి లేదు. తేలిగ్గా వదిలించుకోలేని చోట అదనపు బరువులున్నాయి. నేర్పేవాళ్లకు తగిన అర్హతా అనుభవమూ లేవన్నది కుటుంబం వేసిన దావాలో ప్రధాన ఆరోపణ. పేరున్న సంస్థ సర్టిఫికెట్ కార్డు వస్తుందన్న భరోసా ఆమెను కాపాడలేకపోయింది.

సంస్థలు చాలానే ఉన్నాయి. 1985లో మొదలైన ఐఏఎన్‌టీడీ, 1994 నాటి టీడీఐ, 1998లో జారొడ్ జబ్లోన్‌స్కీ స్థాపించిన జీయూఈ, 2000లో టెక్నికల్ కోర్సుల్లోకి వచ్చిన ప్యాడీ. వీటిలో ఏది గొప్పదన్న వాదన డైవర్ల మధ్య ఎప్పటికీ తెగదు. జీయూఈలో పరికరాల అమరిక, బృంద పద్ధతి ప్రపంచమంతటా ఒకే తీరు. టీడీఐలో శిక్షకుడికి వెసులుబాటు ఎక్కువ. వెసులుబాటు మంచివాడి చేతిలో వరం, బద్ధకస్తుడి చేతిలో ప్రమాదం. అందుకే సంస్థ కన్నా మనిషిని చూసుకోవడమే సరైన పద్ధతి.

కోర్సుల వరుసలో తొందర పనికిరాదు. ఈత, ఓపెన్ వాటర్, అడ్వాన్స్‌డ్, నైట్రాక్స్, రెస్క్యూ అయ్యాక టెక్నికల్ మెట్లు మొదలవుతాయి. టీడీఐలో డీకంప్రెషన్ ప్రొసీజర్స్ 45 మీటర్ల దాకా, ట్రైమిక్స్ 60 దాకా, అడ్వాన్స్‌డ్ ట్రైమిక్స్ 100 దాకా తీసుకెళ్తాయి. మొదటి మెట్టుకు పద్దెనిమిదేళ్ల వయసు, కనీసం 25 డైవులు ఉండాలి. అది కనీసం మాత్రమే. 25 డైవులకే రండి, వారంలో రెండు కార్డులు ఇస్తాననేవాడికి దూరంగా ఉండటం మేలు. “ఇంకో యాభై డైవులు చేసి రా, తమ్ముడూ” అని వెనక్కి పంపేవాడు ఫీజు వదులుకుని మరీ ఆ మాట అంటున్నాడు.

మన దేశంలో టెక్నికల్ కోర్సులు దొరికే చోట్లు తక్కువ. పుదుచ్చేరి, అండమాన్ వాటిలో ముఖ్యమైనవి. విశాఖ రుషికొండ తీరంలో తొలి కోర్సులు చేసి, అనుభవం గడించి అక్కడికి వెళ్లవచ్చు. విశాఖకు లోతుతో పాత బంధమే ఉంది. 1971లో తీరానికి దగ్గర్లో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ దగ్గరకు డైవర్లను తీసుకెళ్లింది నిస్తార్ అనే ఓడ. అదే పేరుతో హిందుస్థాన్ షిప్‌యార్డ్ కట్టిన కొత్త ఓడ 2025 జూలై 18న నౌకాదళంలో చేరింది. 300 మీటర్ల లోతు దాకా డైవర్లను దించగలదు.

విశాఖకు వెళ్లే తెలంగాణవాళ్లకు ఒక అలవాటు ఉంది. పొద్దున సముద్రం, మధ్యాహ్నం అరకు. డైవ్ చేసిన రోజు అది తగదు. అరకు దారిలోని శిమిలిగూడ స్టేషనే 996 మీటర్ల ఎత్తున ఉంది. ఒంట్లో వాయువు మిగిలి ఉండగా ఘాట్ ఎక్కడం, విమానం ఎక్కడం ఒకే కోవలోవి. ఆగాల్సిన అవసరం లేని ఒక్క డైవ్ తర్వాత విమానానికి కనీసం 12 గంటలు, వరుసగా కొన్ని రోజులు మునిగితే 18 గంటలు, మధ్యలో ఆగాల్సిన డీకంప్రెషన్ డైవ్ తర్వాత అంతకన్నా చాలా ఎక్కువ సేపు విరామం ఇవ్వాలని డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అనే సంస్థ సూచిస్తుంది. హైదరాబాద్, మెదక్ కూడా 500 మీటర్లకు అటూఇటూ ఎత్తున్నవే. ఇంటికి బస్సెక్కే ముందు ఆ లెక్కా చూసుకోవాలి. ప్రమాదం జరిగితే, మళ్లీ ఒత్తిడిలో ఉంచి చికిత్స చేసే రీకంప్రెషన్ ఛాంబర్ దగ్గర్లో ఎక్కడుంది, పడవ మీద ఆక్సిజన్ ఉందా, బీమా ఎవరిది? ఈ మూడింటికీ శిక్షకుడి దగ్గర తడుముకోని జవాబులుండాలి.

ఫీజు కట్టే ముందు ఒకరోజు ఆయన క్లాసు చూడనివ్వమని అడగండి. నీళ్లలో దిగే ముందు విద్యార్థులే తమ సిలిండర్‌లోని ఆక్సిజన్ శాతాన్ని కొలిచి, దాని మీద తమ చేతిరాతతో లోతు పరిమితి రాస్తున్నారో లేదో చూడండి. తప్పు చేసినవాణ్ని ఆయన కసిరి వదిలేస్తున్నాడా, మళ్లీ చేయిస్తున్నాడా గమనించండి. ఇప్పటిదాకా ఎంతమందికి కార్డు ఇవ్వకుండా పంపారో అడగండి. ఒక్కరూ లేరంటే ఆయనకు దండం పెట్టి, మరొకరి కోసం వెతకండి.