బిగించిన చోటే చూపు: మోంట్రియల్ నుంచి రెండు రేసు కెమెరాలు

రేసు కారులోని కెమెరా గురించి మాట్లాడేవాళ్లు ముందు దాని స్పష్టత గురించి, ధర గురించి చెబుతారు. నాకు మాత్రం అంతకన్నా ముందు రెండు సంగతులు తెలియాలి. దాన్ని కారులో ఏ భాగానికి బిగించారు? దాన్ని కాపాడటానికి ఏం వదులుకున్నారు? దృశ్యం ఎంత నమ్మదగినదో, ఒళ్లు ఎంతగా జలదరింపజేస్తుందో చాలావరకు ఈ రెండు జవాబుల్లోనే తేలిపోతుంది. ఈ సంగతి తరచి చూడటానికి కెనడాలోని మోంట్రియల్ మంచి చోటు. పూర్తిగా భిన్నమైన రెండు కెమెరా సంప్రదాయాలు ఆ ఊళ్లో కలుస్తాయి.

ఒకటి, మోంట్రియల్ దర్శకుడు స్టీఫెన్ లో (Low) తీసిన ఐమాక్స్ డాక్యుమెంటరీ ‘సూపర్ స్పీడ్‌వే’ (1997). రెండోది, ఏటా అక్కడి సర్క్యూట్ జిల్ విల్నెవ్‌లో జరిగే కెనడియన్ గ్రాండ్ ప్రీలో ఫార్ములా వన్ కార్ల లోపలినుంచి మన ఇళ్లకు వచ్చే ప్రసారం. దూరంగా కనిపించే ఈ రెంటి మూలాలూ 1967లో మోంట్రియల్‌లో జరిగిన ఎక్స్‌పో 67 అనే ప్రపంచ ప్రదర్శనలోనే ఉన్నాయి. దానికోసం మెట్రో సొరంగాల మట్టిని కూడా వాడి సెయింట్ లారెన్స్ నదిలో నోత్ర్-దామ్ దీవిని కట్టారు. 1978లో రేసు ట్రాక్ ఆ దీవి మీదికి వచ్చింది. ఆ ఏడాది అక్కడ తొలి రేసు గెలిచింది క్యూబెక్ బిడ్డ జిల్ విల్నెవ్. 1982లో అతను చనిపోయాక ట్రాక్‌కు అతని పేరు పెట్టారు. అదే ఎక్స్‌పోలో దర్శకులు రోమన్ క్రోయిటర్, కాలిన్ లో కలిసి ‘ఇన్ ద లాబిరింత్’ అనే బహుళ తెరల చిత్రాన్ని చూపించారు. ఆ ప్రయోగాల అనుభవంతోనే క్రోయిటర్, గ్రేమ్ ఫెర్గూసన్ తదితరులు ఐమాక్స్‌ను రూపొందించారు. స్టీఫెన్ ఆ కాలిన్ కొడుకే.

ముందు పెద్ద కెమెరా సంగతి. ఐమాక్స్‌లో 65 మిల్లీమీటర్ల ఫిల్ము అడ్డంగా పరుగెడుతుంది. ఒక్కో ఫ్రేముకు పదిహేను రంధ్రాల పొడవు కావాలి, సెకనుకు 24 ఫ్రేములు. అంటే సెకనుకు 1.7 మీటర్లకు పైగా ఫిల్ము ఖర్చవుతుంది. 305 మీటర్ల చుట్ట మూడు నిమిషాల్లో అయిపోతుంది. ఇన్ని మోటార్లు, పిన్నులు, ఇంత బరువైన చుట్ట ఉన్న యంత్రాన్ని, గ్రాము గ్రాము లెక్కచూసి కట్టిన ఇండీ కారుకు తగిలిస్తే ఆ కారు ఇక పోటీ కారు కాదు. దాని బరువు కేంద్రం మారుతుంది, గాలి దారి మారుతుంది. ఆ కారు మాట వినేలా నడపగలిగే చేతులు కావాలి. అందుకే కెమెరా కారును మారియో ఆండ్రెట్టి నడిపాడు. 1969 ఇండియానాపొలిస్ 500 విజేత, 1978 ఫార్ములా వన్ ప్రపంచ విజేత. చిత్రానికి వ్యాఖ్యానం చెప్పిన పాల్ న్యూమన్ చిత్రంలోని రేసు జట్టు యజమానుల్లో ఒకడు. చిత్రంలో పోటీకి సిద్ధమయ్యేది మారియో కొడుకు మైకేల్. టొరంటో వీధుల్లో జరిగిన ఇండీ రేసును ఏడుసార్లు గెలిచినవాడు. కొడుకు పోటీ కథకు తండ్రి కెమెరా మోశాడు.

ఈ ఏర్పాటు ఇచ్చిన లాభం పెద్దది. వేగాన్ని మన కళ్లు ఎదురుగా చూసి కాక, అంచుల్లో పసిగడతాయి. దూరంలోని మలుపు నెమ్మదిగానే దగ్గరవుతుంది. పక్కన గోడ, కింద తారు మాత్రం గీతలై జారిపోతాయి. ఐమాక్స్ తెర చూపు అంచులదాకా నిండుతుంది కాబట్టి, నేలకు దగ్గరగా కదిలే కెమెరా పట్టిన గీతలన్నీ ప్రేక్షకుడి కనుకొసలకు తగులుతాయి. కుర్చీలో కూర్చున్నవాడి కడుపులో తిప్పుతుంది. 1966లో దర్శకుడు జాన్ ఫ్రాంకెన్‌హైమర్ ‘గ్రాండ్ ప్రీ’ చిత్రంలో వెడల్పాటి ఫిల్ము కెమెరాలను కార్లకు బిగించి మొదలుపెట్టిన పనిని స్టీఫెన్ దాని శిఖరానికి చేర్చాడని నా అభిప్రాయం.

నష్టమూ అంతే పెద్దది. కెమెరాను మోసే కారు పోటీలో లేదు. ఎదుటివాడు బ్రేకు ఎప్పుడు నొక్కుతాడో తెలియని అనిశ్చితి ఆ దృశ్యంలో లేదు. వేగం నిజం, ప్రమాదం నిజం, పోటీ మాత్రం కూర్పు. కెమెరాను కాపాడటానికి స్టీఫెన్ వదులుకున్నది అదే.

ఇప్పుడు చిన్న కెమెరా. ఫార్ములా వన్‌లో కారు లోపలి ప్రత్యక్ష ప్రసారం 1985 జర్మన్ గ్రాండ్ ప్రీలో తొలి అడుగు వేసింది. రెనో జట్టు కెమెరా మోయడానికే అన్నట్టు మూడో కారును దింపి డ్రైవర్ ఫ్రాన్స్వా ఎనోకు ఇచ్చింది. క్లచ్ పాడై అది కొద్ది ల్యాపుల్లోనే ఆగిపోయింది. అప్పటికి కెమెరా ఒక అదనపు భారం, దానికో అదనపు కారు కావాల్సి వచ్చింది. తర్వాత వచ్చిన మార్పు నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది. కెమెరా పెట్టెల కొలతలు, చోట్లు నిబంధనల్లోకి ఎక్కాయి. పెట్టెలో నిజమైన కెమెరా లేని కారు అదే ఆకారంలో, అదే బరువున్న ఉత్తుత్తి పెట్టెను మోయాలి. దాంతో చిత్రీకరణ వల్ల ఎవరికీ లాభం లేదు, నష్టం లేదు. స్టీఫెన్ కెమెరా కోసం కారును మార్చాడు. ఇక్కడ కారుకోసం కెమెరా కుంచించుకుపోయింది.

అయితే ఆ కెమెరాలలో మనం ఎక్కువగా చూసేది డ్రైవర్ తల వెనక, ఎత్తున ఉన్నది. అక్కడ రక్షణ బాగుంది. రాళ్లు తక్కువ తగులుతాయి. లెన్సు ముందున్న పారదర్శక కవచం జరిగి, మురికి పట్టిన భాగం తప్పుకుని శుభ్రమైన భాగం వస్తుంది. 2011లో వాన వల్ల నాలుగు గంటలు దాటిన మోంట్రియల్ రేసులో ఇలాంటి కవచం విలువ ఏమిటో ఊహించవచ్చు. కానీ ఆ ఎత్తు వేగాన్ని తినేస్తుంది. 1999లో డేమన్ హిల్, మైకేల్ షూమాకర్, జాక్ విల్నెవ్ అనే ముగ్గురు ప్రపంచ విజేతలు ఢీకొట్టిన ఆఖరి మలుపు గోడనే తీసుకోండి. పైనుంచి చూస్తే దానికీ టైరుకూ మధ్య బోలెడు జాగా ఉన్నట్టుంటుంది. 2021లో మొదలై 2023లో అందరికీ తప్పనిసరైన హెల్మెట్ కెమెరా బరువు కొద్ది గ్రాములే. హెల్మెట్ లోపలి మెత్తలో, కంటి పక్కన ఇమిడిపోతుంది. అందులోంచి చూడండి. అదే గోడ మీదికి వచ్చేస్తుంది. డ్రైవర్ తల అదిరినట్టల్లా చిత్రమూ అదురుతుంది.

చిన్న కెమెరా అసలు బలం సాక్ష్యంలో ఉంది. 2019 జూన్ 9న మోంట్రియల్‌లో సెబాస్టియన్ వెటెల్ ముందున్నాడు, లూయిస్ హామిల్టన్ వెంటాడుతున్నాడు. 48వ ల్యాపులో వెటెల్ గడ్డి మీదికి జారి తిరిగి ట్రాక్ మీదికి వచ్చాడు, గోడకూ తన కారుకూ మధ్య హామిల్టన్‌కు దారి మూసుకుపోయింది. అది ప్రమాదకరమైన పునఃప్రవేశమని రేసు తీర్పరులైన స్టీవార్డులు అయిదు సెకన్ల శిక్ష వేశారు. ముందు గీత దాటింది వెటెల్, గెలిచింది హామిల్టన్. ఫెరారీ పునఃసమీక్ష కోరింది. కొత్త ఆధారాలంటూ చూపినవాటిలో మన చెన్నై డ్రైవర్ కరుణ్ చంధోక్ టీవీలో చేసిన విశ్లేషణ ఒకటి, వెటెల్ ముఖానికి ఎదురుగా ఉన్న కెమెరా దృశ్యం ఒకటి. మొదటిది మూడో వ్యక్తి అభిప్రాయమని స్టీవార్డులు అన్నారు. రెండోది కొత్తదే అయినా అందులో ఉన్నది ఇతర దృశ్యాల్లోనూ కనబడుతోందన్నారు. అభ్యర్థన కొట్టేశారు.

ఆ ముఖం కెమెరా 2016లో వచ్చింది. ప్రమాదంలో డ్రైవర్ తల, మెడ ఎలా కదులుతాయో పరిశీలించడానికి సెకనుకు 400 ఫ్రేములు పట్టేలా దాన్ని పెట్టారు. వైద్యులకోసం బిగించిన కన్ను న్యాయంకోసం సాక్ష్యమిచ్చింది. తాను ఉన్న చోటునుంచి ముఖాన్ని చెప్పగలిగింది, గోడ దూరాన్ని చెప్పలేకపోయింది. ఒక్క కెమెరా మొత్తం నిజం చెప్పదు. అనేక చోట్ల బిగించిన చిన్నవి కలిసి చెప్పగలవు. స్టీఫెన్ ఒకే గొప్ప కన్నును నమ్ముకున్నాడు. ప్రసారం అనేక చిన్న కళ్లను నమ్ముకుంది. తీర్పు చెప్పాల్సిన చోట నేను రెండోదానివైపే నిలబడతాను.

కాపాడటం గురించి ఇంకో మాట. 2007లో మోంట్రియల్ ట్రాక్ మీదే డ్రైవర్ రాబర్ట్ కుబిత్సా కారు గోడను గుద్దినప్పుడు గరిష్ఠంగా భూమ్యాకర్షణకు 75 రెట్ల తాకిడి నమోదైంది. అతను స్వల్ప గాయాలతో బయటపడి, మరుసటి ఏడాది అక్కడే గెలిచాడు. ఆ తాకిడిలో 150 గ్రాముల కెమెరా పదకొండు కిలోలకు పైగా బరువుతో లాగుతుంది. నలభై కిలోల కెమెరా అయితే మూడు టన్నులు. పట్టు తప్పిన కెమెరా ముందు మనిషికి ప్రమాదం, తర్వాతే తనకు. అందుకే రక్షణలో వరస తప్పకూడదు: ముందు డ్రైవర్, తర్వాత కారు, ఆ తర్వాత కెమెరా, చివర దృశ్యం.

ఈ వరస తప్పే అవకాశం క్లబ్బు స్థాయిలోనే ఎక్కువ. ఒంటారియోలో బౌమన్‌విల్ దగ్గర మోస్పోర్ట్ అనే పాత పేరున్న ట్రాక్ ఉంది. 1961లో మొదలైంది. కెనడాలో తొలి ఫార్ములా వన్ రేసు 1967లో అక్కడే జరిగింది. అలాంటి చోట వారాంతాల్లో పరుగెత్తే ఔత్సాహికుడి చేతిలో అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్ద కెమెరా ఉంటుంది, పెద్ద జట్టు ఉండదు. అతను రెండు సంప్రదాయాలనుంచీ నేర్చుకోవాలి. అద్దానికి అతికే సక్షన్ కప్పును ఎంతమాత్రం నమ్మకూడదు. డ్రైవర్‌ను కాపాడే పంజరం, అంటే రోల్ కేజ్ గొట్టానికి లోహపు క్లాంపు, మధ్య పల్చటి రబ్బరు, బోల్టు వదులు కాకుండా లాక్ నట్టు, క్లాంపు విరిగినా కెమెరా ఎగరకుండా సన్నని ఉక్కు తాడు కావాలి. ఆ తాడును క్లాంపుకు కట్టి లాభం లేదు, గొట్టానికే చుట్టాలి. క్లాంపుకు, కెమెరాకు మధ్య చేయి ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. పొడవైతే ఇంజన్ కంపనం కొసకు వెళ్లేసరికి పెరుగుతుంది. ఈ కెమెరాలు చిత్రాన్ని పైనుంచి కిందికి వరసలుగా చదువుతాయి. చదివేలోపు కెమెరా వణికితే నిటారు గీతలు కదిలించిన జున్నులా తొణుకుతాయి. కాంతి తగ్గించే ఫిల్టరు వేస్తే ఒక్కో ఫ్రేము ఎక్కువసేపు వెలుగు తీసుకుని ఆ తొణుకు సర్దుకుంటుంది.

కుదుపు తగ్గించే ఎలక్ట్రానిక్ సదుపాయాన్ని కారు లోపల ఆపేయాలి. అది బయటి ప్రపంచాన్ని నిలబెట్టాలని చూసి, డ్యాష్‌బోర్డును ఊగిస్తుంది. కెమెరా కారు శరీరంలో భాగమైతే దృశ్యం కారుతోపాటు అదరాలి. ఒంటారియోలోనే మిండెన్‌లో శీతాకాలం మంచు మీద జరిగే రేసుల్లో ఇంకో పరీక్ష ఎదురవుతుంది. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, జిగురు బిగుసుకుని పట్టు వదులుతుంది, వెచ్చటి గదిలోకి తెచ్చిన లెన్సు మీద తేమ పేరుకుంటుంది. క్లాంపు, బోల్టు, తాడు అక్కడా పనిచేస్తాయి.

2017లో మోంట్రియల్ వీధుల్లో జరిగిన ‘ఫార్ములా-ఈ’ విద్యుత్ కార్ల పోటీ 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డుకూ వచ్చింది. మన రోడ్డును రేసు కారు లోపలినుంచి ప్రసారంలో చూసిన తెలుగు ప్రేక్షకులకు ఈ పోలిక పరాయిది కాదు. రేసు సన్నివేశాలు తీయబోయే మన దర్శకులకు ఇది ఇంకా దగ్గరిది.

నా తీర్పు ఇది. అనుభూతి ఇచ్చే కెమెరాగా ‘సూపర్ స్పీడ్‌వే’ ముందుంటుంది. నమ్మకం ఇచ్చే కెమెరాగా ప్రసారం ముందుంటుంది. ఈ రెండింటినీ ఒకచోటికి తెచ్చినది హెల్మెట్‌లోని ఆ కొద్ది గ్రాముల కన్ను. పోటీ నిజం, అదురు నిజం, చూపు డ్రైవర్‌ది. పైగా ఎవరి ప్రాణానికీ అదనపు భారం లేదు. ఇకమీద ఏ కొత్త కెమెరా వచ్చినా దాన్ని ఈ కొలతతోనే తూచాలి. కారులో ఉన్న మనిషికి దగ్గరగా చూపిస్తూ, ఆ మనిషికి హాని చేయని బిగింపే గొప్ప బిగింపు.