సారస్వతోపాఖ్యానము - వలసవిచారము

మహాభారత శల్యపర్వమున, బలరామతీర్థయాత్రా ప్రసంగమందు సారస్వతోపాఖ్యానము గలదు. సరస్వతీనది యెండిపోఁగా జను లాతీరమును విడిచి వలసవోయిరనుట కీకథను బ్రమాణముగాఁ జూపువారు గలరు. ఈమాట మూలముతో సరిపడదు.

కథ యిది. 12 ఏండ్లు వానలు లేవు. ఋషు లాఁకటికిఁ దాళలేక జీవనార్థమై దిక్కులు పట్టిరి. దధీచిపుత్త్రుఁడగు సారస్వతుఁడును బోవ నుద్యమింపఁగాఁ దల్లియగు సరస్వతి, యాహారమునకుఁ దాను జేఁపల నిత్తునని చెప్పి వారించెను. అతఁడు వానిఁ దినుచు, దేవపితృతర్పణములు గావించుచు, వేదములను ధరించి నిలిచెను. కఱవు దీఱినపిదప ఋషులు మరల వేదాధ్యయనమునకుఁ బూనఁగా నొక్కనికిని వేదము జ్ఞప్తియందు లేదు. 60 వేలమంది యాబాలునికి శిష్యులైరి.

పురాణము చెప్పువారు చేఁపలమాట వచ్చినపుడు గొంతు తగ్గింతురు. నాకుఁ జూడఁ గథకంతకు నదియే జీవము. చేఁప లున్నవన్న నేటిలో నీరున్నదనియే కదా! ఎండినది మిన్నుగాని యేఱు గాదు. అనావృష్టికిని నదీశోషమునకును భేదము పాటింపనిచో నర్థము తలక్రిందగును. వానకఱవున వలసవోయినవారు వానలతో మరలుదురు. ఇందలి ఋషులు మరలిరి. ఏఱే తప్పిపోయినచో మరలుటకుఁ దావుండదు. సరస్వతి యదృశ్యమైన వినశనతీర్థమును గూడ నీపర్వమే పేర్కొనుచున్నది. అచట హేతువు శూద్రాభీరులయెడ ద్వేషమని చెప్పెనే కాని వలసప్రసక్తి లేదు.

క్రీ. పూ. 1900 తరువాత సింధుతీరపు హరప్పా జనపదములు క్షీణించి, తూర్పున నూళ్లు పెరిగెననియు, వానకారు సన్నగిల్లుట యందొక కారణమనియుఁ బురాతత్త్వజ్ఞులు చెప్పుదురు. కానిండు. అది శతాబ్దుల పని. దానిని 12 ఏండ్ల కఱవునకు ముడిపెట్టుట తగదు.

ఇఁక వేదమేల మఱపునఁ బడెను? మూలమున నాఁకలియుఁ, బరుగును రెండును హేతువులుగాఁ జెప్పఁబడినవి. దుర్భిక్షశబ్దమును విడఁదీసి చూచిన విశదమగును: భిక్ష దొరకని కాలము. బ్రహ్మచారి భిక్షపై బ్రదుకువాఁడు. గృహస్థు వలసవోయిన యూర నతఁ డెట్లు నిలుచును? గురుశిష్యు లొక్కచోఁ గూర్చుండక వల్లెవేయుట సాగదు. సారస్వతుఁడు చిన్నవాఁడయ్యు గురువయ్యెనని విద్యామహిమను వర్ణించు వ్యాఖ్యాతలు, అతనికిఁ గూడుండెననుమాట విడిచిపుచ్చిరి.