భద్రమైన చోటు

బ్రయానా స్కరీ పెరిగింది అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రంలోని డేటన్ అనే ఊళ్లో. అక్కడ అప్పట్లో అమ్మాయిలకు ఫుట్‌బాల్ జట్టు లేదు. మగపిల్లల జట్టులోనే చేర్చుకున్నారు గానీ, ఆ తోపులాటలో పిల్లకు ఎక్కడ దెబ్బ తగులుతుందోనని కోచ్‌కు బెంగ. అందుకని తీసుకెళ్లి గోల్‌లో నిలబెట్టాడు. మైదానం మొత్తంలో అదే భద్రమైన చోటని ఆయన లెక్క.

ఆ కోచ్‌ని తప్పుపట్టను. గట్టు మీద కూర్చుని చూసేవాళ్లందరికీ అలాగే అనిపిస్తుంది. మిగతా ఇరవై మంది చెమటలు కక్కుతూ పరిగెడుతుంటే గోల్‌కీపర్ చేతులకు గ్లవ్స్ తొడుక్కుని ఊరికే నిలబడి ఉంటుంది కదా! కాలేజీ రోజుల్లో నేను హ్యాండ్‌బాల్‌లో గోల్ కాచాను. ఆ నిలబడడంలో ఎంత పని ఉందో ఒంటికి తెలిసింది అప్పుడే. అందుకే ఇప్పటికీ ఏ మ్యాచ్ చూసినా నా కళ్లు బంతి వెంట పోవు, గోల్ దగ్గరే ఆగిపోతాయి.

ఫుట్‌బాల్ గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44. ఒక మనిషి కాయాల్సిన జాగా అది. గోల్‌కీపింగ్ నేర్పేవాళ్లు మొదట్లోనే నేర్పే పాఠం పడడం. మోచెయ్యి ముందు ఆనితే భుజం పోతుంది. పిక్క పక్కభాగం, తొడ, తుంటి, చివరికి భుజం, ఈ వరసలో నేలకు ఆనాలి. పడుతున్నంతసేపూ కళ్లు బంతి మీదే ఉండాలి. ఎత్తులో వచ్చే బంతిని పట్టేటప్పుడు బొటనవేళ్లు రెండూ దగ్గరకొచ్చి, వేళ్లు విచ్చుకుని బంతి వెనక గోడ కట్టాలి. ఇవన్నీ సాధనతో వస్తాయి. అంత తేలిగ్గా రానిది ఒకటుంది. ఫార్వర్డ్ బంతితో ఒంటరిగా దూసుకొస్తున్నప్పుడు గోల్ వదిలి ఎదురెళ్లి, ఆమె కాళ్ల ముందు అడ్డంగా పడుకోవడం. మైదానంలో అందరూ బంతి కోసం కాలు చాపుతారు. తల, ముఖం, పక్కటెముకలు తీసుకెళ్లి ఆ కాళ్ల మధ్య పెట్టాల్సింది గోల్‌కీపరే. భద్రమైన చోటంటే ఇదీ!

స్కరీ ఆ పనిలో ఆరితేరింది. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయానికి ఆడి, 1994లో జాతీయ జట్టులోకి వచ్చింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో మహిళల ఫుట్‌బాల్‌కు మొదటిసారి చోటిచ్చారు. ఆ మొదటి బంగారు పతకం అమెరికాదే, గోల్‌లో ఉన్నది స్కరీయే. నల్లజాతి వాళ్లు అరుదుగా కనిపించే ఆ జట్టులో, అందరి కళ్లూ పడే స్థానంలో నిలబడింది.

1999 జులై 10 గురించి కాస్త నిదానంగా చెప్పాలి. కాలిఫోర్నియాలోని పాసడీనా, రోజ్ బౌల్ స్టేడియం. చైనాతో ప్రపంచకప్ ఫైనల్. చూడ్డానికి వచ్చినవాళ్లు 90,185 మంది. మండుటెండలో 120 నిమిషాలు ఆడినా ఒక్క గోలూ పడలేదు. అదనపు సమయంలో చైనా డిఫెండర్ తలతో కొట్టిన బంతి స్కరీని దాటి పోతుంటే, గోల్ గీత మీద నిలబడ్డ క్రిస్టీన్ లిల్లీ తలతోనే దాన్ని బయటికి కొట్టింది. చివరికి పెనాల్టీలు. బంతికీ గోల్‌కీ మధ్య పదకొండు మీటర్లు. తన్నిన బంతి చేరడానికి అర సెకను అటూ ఇటూ. చూసి దూకుదామంటే అప్పటికే వలలో ఉంటుంది. గోల్‌కీపర్ ముందే తేల్చుకోవాలి.

పెనాల్టీ కొట్టడానికి వచ్చేవాళ్ల వైపు చూడకపోవడం స్కరీ అలవాటు. చైనా తరఫున మూడో క్రీడాకారిణి లియు యింగ్ వస్తున్నప్పుడు మాత్రం తలెత్తి చూసింది. ఆ అమ్మాయి నడకలోనే ఏదో నీరసం కనిపించిందనీ, ఇది నాకు దొరుకుతుందని అప్పుడే అనిపించిందనీ తర్వాత చెప్పింది. లియు యింగ్ తన్నింది. స్కరీ ఎడమవైపు దూకి రెండు చేతులూ చాచి బంతిని తోసేసింది. ఆ రోజు తన్నిన పది పెనాల్టీల్లో గోల్ కానిది అదొక్కటే. అమెరికా 5-4తో గెలిచింది.

మర్నాడు పత్రికల్లో నిండిన ఫొటో ఎవరిది? చివరి పెనాల్టీ గోల్ చేసి, జెర్సీ విప్పి మోకాళ్ల మీద కూలబడిన బ్రాండీ చాస్టెయిన్‌ది. ఆ ఫొటో నాకూ ఇష్టమే. కానీ గోల్ కొడితే స్కోర్‌బోర్డు మీద అంకె మారుతుంది, గోల్ ఆపితే ఏమీ మారదు. మన దగ్గరా అంతే. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్లో మనం దక్షిణ కొరియాను 2-1తో ఓడించాం. ఆ గోల్స్ కొట్టిన పీకే బెనర్జీ, జర్నైల్ సింగ్‌లను తలుచుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ రోజు గోల్‌లో నిలబడ్డ పీటర్ తంగరాజ్ హైదరాబాద్‌లో పుట్టినవాడని మన పిల్లల్లో ఎందరికి చెప్పాం?

పాసడీనా సంగతిలో దాచకూడని మాట ఒకటుంది. లియు యింగ్ బంతిని తన్నకముందే స్కరీ గీత వదిలి ముందుకొచ్చేసింది. పక్కకు కదలొచ్చు గానీ ముందుకు రాకూడదనేది అప్పటి నిబంధన. రిఫరీ ఊరుకున్నారు. ముందుకొచ్చానని స్కరీ కూడా ఒప్పుకుంది. ఇప్పుడైతే వీడియో రిఫరీలున్నారు. 2019 ప్రపంచకప్‌లో స్కాట్లాండ్ గోల్‌కీపర్ లీ అలెగ్జాండర్ ఆఖరి నిమిషాల్లో అర్జెంటీనా పెనాల్టీని ఆపితే, గీత దాటిందని మళ్లీ కొట్టించారు, గోలైపోయింది, 3-3తో స్కాట్లాండ్ ఇంటిదారి పట్టింది. నిబంధన నిబంధనే. అయినా 1999 నాటి ఆ ఆపడం విలువ నా దృష్టిలో తగ్గలేదు. ఎటు తన్నబోతోందో కనిపెట్టింది కళ్లు, మనసు. ఆ రెండడుగులు కాదు.

తర్వాతి ఏళ్లు ఎగుడుదిగుడుగా నడిచాయి. 2000 సిడ్నీ ఒలింపిక్స్ నాటికి గాయాలతో, పెరిగిన బరువుతో చోటు పోగొట్టుకుంది. మళ్లీ ఒళ్లు వంచి, 2004 ఏథెన్స్‌లో రెండో ఒలింపిక్ స్వర్ణం తెచ్చుకుంది. దానికి కొద్ది వారాల ముందే తండ్రి పోయారు. 2007 ప్రపంచకప్ సెమీఫైనల్లో, అప్పటిదాకా బాగా ఆడుతున్న హోప్ సోలోను కూర్చోబెట్టి కోచ్ స్కరీని దింపాడు. బ్రెజిల్ చేతిలో 4-0తో ఓటమి. నేనుంటే ఆపేదాన్నని సోలో బయటికే అనేసింది. నిర్ణయం కోచ్‌ది, మాట పడ్డది స్కరీ. 173 అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడిన మనిషి చివరి అధ్యాయం అదే అయినా బాగుండేదేమో.

2010 ఏప్రిల్ 25న వాషింగ్టన్ ఫ్రీడమ్ క్లబ్బు తరఫున ఆడుతోంది. తక్కువ ఎత్తులో వచ్చిన బంతిని అందుకోవడానికి వంగింది. పక్కనుంచి పరిగెత్తుకొచ్చిన ఫార్వర్డ్ మోకాలు ఆమె కణతకు తగిలింది. కింద పడ్డాక మొదట వచ్చిన ఆలోచన, బంతి ఆపానా లేదా అని. ఆపింది. చేతుల్లోనే ఉంది. లేచి ఆట కొనసాగించింది. ఎదుటివాళ్ల జెర్సీల మీద అక్షరాలు అలుక్కుపోయాయి, నిలబడితే ఒళ్లు తూలుతోంది. అయినా విరామం దాకా గోల్‌లోనే ఉంది. ఆ తర్వాత ఆమె మళ్లీ మైదానంలో దిగలేదు.

ఇక్కడే నా మనసు కలుక్కుమంటుంది. ఆమె లేచి నిలబడ్డది ధైర్యంతో మాత్రమే కాదు, అలవాటుతో కూడా. పడ్డ మరుక్షణం లేవాలనే నేర్పుతారు గోల్‌కీపర్‌కి. మంచి గోల్‌కీపర్‌ని చేసిన ఆ అలవాటే తలకు దెబ్బ తగిలినప్పుడు శత్రువవుతుంది. మేమూ అలాగే లేచేవాళ్లం, లేస్తే చప్పట్లు కొట్టేవారు.

తల లోపలి దెబ్బ బయటికి కనిపించదు, కట్టు ఉండదు, కుంటడం ఉండదు. తలనొప్పి, మతిమరుపు, వెలుతురు చూడలేకపోవడం, ఎడతెగని దిగులు. బీమా సంస్థతో వైద్యం ఖర్చుల కోసం పోరాటం. డబ్బుకు కటకటలాడి, రెండు ఒలింపిక్ పతకాలనూ 18 వేల డాలర్లకు తాకట్టు పెట్టింది. బంగారం తాకట్టు మన ఇళ్లల్లో కొత్త కాదు. నగ అయితే డబ్బు చూసుకుని విడిపించుకుంటాం, పోతే ఇంకోటి చేయించుకుంటాం. ఒలింపిక్ పతకం ఇంకోటి చేయించుకునేది కాదు. ప్రాణం తీసుకుందామన్న ఆలోచన దాకా వెళ్లి, తల్లి గుర్తొచ్చి ఆగిపోయానని ఆమే చెప్పుకుంది. 2013లో తల వెనక దెబ్బతిన్న నరానికి శస్త్రచికిత్స జరిగాకే నొప్పి వదిలింది. పతకాలు తిరిగి ఇంటికొచ్చాయి. 2014లో అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘం ముందు కూర్చుని తన తలకు జరిగిందంతా చెప్పింది. 2017లో అమెరికా జాతీయ సాకర్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరింది. అందులోకి వెళ్లిన మొదటి మహిళా గోల్‌కీపర్ ఆమె, మొదటి నల్లజాతి మహిళా ఆమే.

తలకు దెబ్బ తగిలినవాళ్ల బదులు దిగే కంకషన్ సబ్‌స్టిట్యూట్ అంటే క్రికెట్ పుణ్యమా అని మనకు తెలుసు. 2019లో లార్డ్స్‌లో స్మిత్ బదులు లబుషేన్ దిగినప్పటి నుంచీ వింటున్నాం. ఫుట్‌బాల్‌లో ప్రయోగాలు దాటి అది నిబంధనల పుస్తకంలోకి ఎక్కింది 2024లో. అదైనా పోటీ నిర్వాహకులు ముందుగా ఒప్పుకుంటేనే వర్తిస్తుంది. నిజామాబాద్ అమ్మాయి సౌమ్య గుగులోత్ భారత జట్టుకు ఆడుతున్న కాలమిది. ఆమెను చూసి బూట్లు కట్టుకునే పిల్లల్లో ఎవరో ఒకరు గోల్‌లో నిలబడక తప్పదు. మన ఊళ్లలో పోటీలు పెట్టేవాళ్లు నిబంధనలు రాసుకునే రోజున ఈ ఒక్క వాక్యం కూడా రాసుకోవాలి: తలకు దెబ్బ తగిలితే మనిషిని మార్చుకోవచ్చు, ఆ మార్పును మామూలు మార్పుల లెక్కలో వేయరు. దానికి పైసా ఖర్చు లేదు. ఆ పిల్ల నాకేం కాలేదు, ఆడతానంటుంది. గోల్‌కీపర్ అలాగే అంటుంది. ఆ మాట వినకుండా బయటికి తీసుకురావాల్సింది కోచ్.