ఎవరికి, ఏమిటి అని అడిగితే సరిపోదు

'షి గేవ్ మీ ఎ బుక్.' ఏమిచ్చింది? బుక్. అది డైరెక్ట్ ఆబ్జెక్ట్. ఎవరికిచ్చింది? మీ. అది ఇన్‌డైరెక్ట్ ఆబ్జెక్ట్. రెండింటి కిందా గీతలు గీసి మార్కులు తెచ్చుకోవడం టెన్త్ పిల్లలకు వెన్నతో పెట్టిన విద్య. చాలా ఏళ్లుగా సాయంత్రాలు ఇంగ్లిషు ట్యూషన్ చెబుతున్నాను. ఇంత తేలిగ్గా ఒంటబట్టి, ఇంత తక్కువగా అక్కరకొచ్చే పాఠం ఇంకోటి నాకు కనబడలేదు.

మన పిల్లలకు ఇంకో దగ్గరి దారి కూడా ఉంది. తెలుగులో అనుకుని చూసుకోవడం. 'ను' తగిలితే డైరెక్ట్, 'కు' తగిలితే ఇన్‌డైరెక్ట్. ఇవ్వడం, పంపడం, చూపించడం వరకు ఈ చిట్కా బాగానే నడుస్తుంది. 'హి ఆస్క్‌డ్ మీ ఎ క్వశ్చన్' దగ్గర బోల్తా కొడుతుంది. తెలుగులో 'నన్ను' ప్రశ్న అడిగాడు కదా, మరి 'మీ' డైరెక్ట్ ఆబ్జెక్ట్ కావాలి. కాదు, అడిగింది ప్రశ్నని, 'మీ' ఇన్‌డైరెక్టే. పోనీ 'కు' ఉన్నచోటల్లా ఇన్‌డైరెక్ట్ అందామా? నాకు తెలుసు, నాకు జ్వరమొచ్చింది, నాకు కాఫీ కావాలి. వీటిని ఇంగ్లిషులో పెడితే 'నాకు' కాస్తా 'ఐ' అయిపోయి కర్త పీటమీద కూర్చుంటుంది. ఆ మాటకొస్తే మన వ్యాకరణంలో మాత్రం ఏముంది! పుచ్చుకునేవాడికి సంస్కృతంలో చతుర్థి. తెలుగులో ఆ పని చేసే కి, కు ప్రత్యయాలను బడిలో షష్ఠి కింద వల్లె వేయించారు.

ఇంగ్లిషుకూ ఒకప్పుడు విభక్తులుండేవి. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిషులో పుచ్చుకునేవాడికి ఒక రూపం, ఇచ్చే వస్తువుకు ఇంకో రూపం. ఆ ప్రత్యయాలు అరిగిపోయాయి. వాటి బరువంతా ఇప్పుడు మాటల వరస మోస్తోంది. 'ది టీచర్ షోడ్ ది ఇన్‌స్పెక్టర్ ది బాయ్' అంటే ఇన్‌స్పెక్టరుకు పిల్లాణ్ని చూపించాడని. చివరి రెండు మాటలూ తారుమారు చేయండి, పిల్లాడికి ఇన్‌స్పెక్టర్ని చూపించినట్టవుతుంది. తెలుగులో 'పిల్లాణ్ని ఇన్‌స్పెక్టరుకు', 'ఇన్‌స్పెక్టరుకు పిల్లాణ్ని', ఎలా అన్నా చూసేది ఇన్‌స్పెక్టరే. ఈ స్వేచ్ఛకు అలవాటుపడ్డ మనకు ఇంగ్లిషులో చోటు మారితే అర్థం మారుతుందన్న సంగతి బుర్రకెక్కడానికి టైము పడుతుంది. గీతలు గీయించే ముందు చెప్పాల్సింది ఇదీ.

ఇన్‌డైరెక్ట్ ఆబ్జెక్టును పట్టుకోవడానికి నేను ఎక్కువగా నమ్మే పరీక్ష ఒకటుంది. దాన్ని వెనక్కి జరిపి ముందు 'టు' గానీ 'ఫర్' గానీ పెట్టి చూడండి. 'గేవ్ ఎ బుక్ టు మీ', 'బాట్ ఎ షర్ట్ ఫర్ మీ'. వాక్యం నిలబడితే సరే. (అలా వెనక్కి వెళ్లాక కూడా దాన్ని ఇన్‌డైరెక్ట్ ఆబ్జెక్ట్ అనాలా వద్దా అని పండితుల్లో తగువుంది. పరీక్షలో మీ పాఠ్యపుస్తకం ఏమంటే అదే రాయండి.) 'షి మేడ్ హర్ సన్ ఎ కేక్' ఈ పరీక్షకు నిలుస్తుంది. 'షి మేడ్ హర్ సన్ ఎ డాక్టర్' నిలవదు. కొడుకు కోసం డాక్టర్ని తయారు చేయలేదు కదా, కొడుకునే డాక్టర్ని చేసింది! ఇక్కడ ఆబ్జెక్ట్ కొడుకొక్కడే, డాక్టర్ కాంప్లిమెంట్. 'కాల్ మీ ఎ టాక్సీ' అంటే 'సరే, నువ్వు టాక్సీవి' అని బదులిచ్చే పాత జోకు ప్రాణమంతా ఈ తేడాలోనే ఉంది.

అసలు చిక్కు గీతల్లో లేదు, మాట్లాడేటప్పుడు ఉంది. 'ఎక్స్‌ప్లెయిన్ మీ దిస్', 'సజెస్ట్ మీ ఎ గుడ్ మూవీ', 'హి టోల్డ్ టు మీ'. పెద్ద పెద్ద ఆఫీసుల్లో పనిచేసేవాళ్ల నోటా ఇవే వింటాం. నాకు చెప్పాడు, నాకు వివరించాడు, నాకు సూచించాడు. తెలుగులో మూడింటికీ ఒకటే 'నాకు'. ఇంగ్లిషులో 'టెల్' పక్కన 'మీ' నేరుగా కూర్చుంటుంది. 'ఎక్స్‌ప్లెయిన్', 'సజెస్ట్', 'డిస్క్రైబ్' పక్కన 'టు' లేనిదే కూర్చోదు. లాటిన్, ఫ్రెంచి వైపు నుంచి వచ్చిన క్రియల్లో చాలావాటికి ఈ పట్టింపు ఉంది. అలాగని అదీ గట్టి సూత్రం కాదు, 'ప్రామిస్' అక్కణ్నుంచే వచ్చినా పట్టింపేమీ లేదు. ఏ క్రియ సంగతి ఆ క్రియదే.

జపాన్‌లో ఇంగ్లిషు పాఠాలు చెప్పిన ఎ.ఎస్. హార్న్‌బీకి ఈ బాధ బాగా తెలుసు. 1948లో ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ అచ్చేసిన ఆయన నిఘంటువులో అర్థంతో పాటు ఏ క్రియ ఏ రకం వాక్యంలో ఇముడుతుందో గుర్తులతో చూపించారు. దాని తర్వాతి కూర్పులు నేటికీ వస్తున్నాయి, ఫోన్‌లోనూ చూసుకోవచ్చు. మాస్టార్లకు నా మనవి ఒకటే: ఆబ్జెక్టుల కింద గీతలు గీయించిన రోజే 'ఎక్స్‌ప్లెయిన్' అన్న మాటను పిల్లల చేత ఆ నిఘంటువులో తీయించి, అక్కడిచ్చిన ఉదాహరణ వాక్యాలు చదివించండి.